సోదరులు, సోదరీమణులు, మరికొందరు

మన సంఘ సభలలో వక్తలు "సోదర సోదరీమణులారా" యని మొదలుపెట్టుట వాడుక. ఆ రెండు మాటలలో దేనిలోను చేరని బిడ్డలు మన నేత యిండ్లలో కూడ పుట్టి పెరుగుచున్నారు. షోలాపురము, బళ్లారి, కంచి, బరంపురము, యానాము, మనవా రెచ్చట నున్నను ఈ మాట నిజమే. దీనిని గూర్చి నలుగురిలో మాటలాడుటకు మనకు సంకోచము. మన సంకోచమునకు ఫలము మాత్రము ఆ బిడ్డలు అనుభవించుచున్నారు. ఇల్లు విడిచి పోవువారు వారే గనుక నేడు కొంత విపులముగా వ్రాయదలచితిమి.

పుట్టినపుడు మగబిడ్డ యని వ్రాయించినవారిలో కొందరు, ఎదిగిన కొలది తాము పురుషులము కామని తెలిసికొందురు. వారిలో పలువురు తాము స్త్రీలమని చెప్పుదురు. మరికొందరు అట్లును చెప్పరు. చీర కట్టుకొందురు, జడ వేసికొందురు, గాజులు తొడుగుకొందురు, కాని "నీవు ఆడదానవా?" యని అడిగినచో "కాదు, మగవాడనును కాను" అనియే జవాబు. ఇట్టివారికి నాన్‌బైనరీ అను పేరు ఇప్పుడు వాడుకలోనికి వచ్చినది. చీరను చూచి స్త్రీ యని నిర్ణయించుటయు, పుట్టుకను బట్టి పురుషుడని పట్టుబట్టుటయు, రెండును పొరపాటే. ఇది రోగమును కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల పట్టికలో దీనిని మానసిక వ్యాధుల భాగమునుండి తీసివేసినది.

మొదట పిలుపు సంగతి చూతము. మన తెలుగులో "నేను పోవుచున్నాను" అనువారు ఆడవారో మగవారో ఆ మాటవలన తెలియదు. కన్నడము, తమిళము, ఒడియా భాషలలోను అంతే. మరాఠీలో అట్లు కాదు. ఆ మాటనే పురుషుడు "మీ జాతో" అనియు, స్త్రీ "మీ జాతే" అనియు అనవలెను. కావున షోలాపురములోని మన బిడ్డ యింటిలో తెలుగు మాటలాడునంతసేపు తాను ఏ పక్షమో చెప్పనక్కరలేదు. గడప దాటి అంగడికి పోయినచో నోరు విప్పిన ప్రతిసారియు చెప్పవలసినదే. నవ్వువారు అచ్చటనే కాచుకొని యుందురు.

తెలుగులో చిక్కు ఇతరులు వారిని గూర్చి మాటలాడునపుడు వచ్చును. "వచ్చినాడు" అన్నను బాధ, "వచ్చినది" అన్నను బాధ. "వచ్చినారు" అన్నచో ఏ చిక్కును లేదు. "వారు" అను మాట స్త్రీలకును పురుషులకును సమానము, పైగా మర్యాద. కొత్త మాట కల్పింప పనిలేదు. పెద్దలకు వాడు మాటను ఈ బిడ్డలకును వాడిన చాలును. వరుసలు మాత్రము వారినే అడిగి తెలిసికొనుట మేలు. అక్క యని పిలిపించుకొన నిష్టపడువారు కొందరు, పేరుతోనే పిలువుడనువారు కొందరు.

రెండవది పని. గుంటమగ్గముల యిండ్లలో మగవారు మగ్గములో కూర్చుండుటయు, ఆడవారు రాట్నముపై కండెలు చుట్టుటయు మనలో పలుచోట్ల చిరకాలపు వాడుక. చీర కట్టిన బిడ్డ మగ్గము దిగవలెనని కొందరు, మగ్గమున కూర్చుండదలచినచో చీర విప్పవలెనని కొందరు తగవు తెత్తురు. 2019-20లో జరిగిన అఖిల భారత చేనేత గణన ప్రకారము దేశములో చేనేత పనివారు 35 లక్షలకు పైచిలుకు. వారిలో నూటికి 72 మంది స్త్రీలు. ఈశాన్య రాష్ట్రములలో నడుము మగ్గముపై నేయువారు స్త్రీలే. కాబట్టి మగ్గము మగవాని దనునది మన వాడుకయే గాని నేతపనికి నియమము కాదు. నాడె ఆడించు చేతికి గాజులున్నవా లేవా యని పడుగు అడుగదు. బట్ట కొనువారు పోగు తప్పినదా, అంచు సరిగా వచ్చినదా యని చూతురు. మనమును అంతే చూడవలెను. గుడ్డ బాగున్నపుడు కూలిలో కోత పెట్టుటకు గాని, పడుగు ఇయ్యక త్రిప్పి పంపుటకు గాని న్యాయము లేదు.

చీర కట్టిన పురుష దేహము మనకు క్రొత్త దృశ్యమును కాదు. స్థానం నరసింహారావుగారి స్త్రీ పాత్రలను ఆంధ్రులు నెత్తిన పెట్టుకొనిరి. 1956లో వారికి పద్మశ్రీ వచ్చినది. మహారాష్ట్రములో బాలగంధర్వులు రంగస్థలముపై కట్టిన చీర తీరును చూచి గృహిణులు అనుకరించిరి. వారు నటులు, తెర దిగినచో వేషము తీయుదురు. మనము చెప్పుచున్న బిడ్డలకు తీయుటకు వేషము లేదు. రంగముపై చప్పట్లు కొట్టిన మనము వీధిలో రాయి ఏల విసరవలెను?

బళ్లారి ప్రాంతములో ఎల్లమ్మ సేవకు చీర కట్టు జోగప్పల సంప్రదాయము ప్రాచీనమైనది. ఆ త్రోవలో నడచిన మంజమ్మ జోగతిగారు 2019లో కర్ణాటక జానపద అకాడమీకి అధ్యక్షులైరి. 2021 నవంబరులో రాష్ట్రపతి భవనమున పద్మశ్రీ అందుకొనుచు, ముందుగా తమ చీర చెరగుతో నాటి రాష్ట్రపతి రామనాథ కోవిందుగారికి దిష్టి తీసిరి. దేశమంతయు ఆ చెరగును చూచినది. అయితే ఈ బిడ్డలందరును జోగప్పలు కారు, హిజ్రా జమాతులో చేరదలచినవారును కారు. పలువురు కోరునది తమ యింట తమ మగ్గముకడ నుండుటయే.

మూడవది పెండ్లి. "పెండ్లి అయితే గాని పిచ్చి కుదరదు" అను సామెతను నమ్మి కొందరు తలిదండ్రులు తొందరపడుచున్నారు. ఇది పిచ్చి కాదు గనుక కుదురుట యను మాటయే లేదు. బలవంతపు ముహూర్తమువలన తమ బిడ్డతోపాటు ఏమియు తెలియని వేరొక యింటి ఆడపిల్ల బ్రతుకు కూడ చెడును. ఆమె కంటనీటికి ఎవరు జవాబు చెప్పుదురు?

ప్రభుత్వపు వైపున కొంత దారి పడినది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు, తాను పురుషుడో, స్త్రీయో, మూడవవారో నిర్ణయించుకొను హక్కు ఎవరికి వారిదే యనియు, దానికి ఆపరేషను షరతుగా పెట్టరాదనియు తీర్పు చెప్పినది. 2019లో చేసిన చట్టము, ఈ కారణమున బిడ్డను కోర్టు ఉత్తరువు లేక తలిదండ్రులనుండి వేరు చేయరాదనియు, కుటుంబముతో ఆ యింట నివసించు హక్కు వారికి కలదనియు చెప్పినది. తమిళనాడులో 2008లో సంక్షేమ బోర్డు ఏర్పడినది. ఒడిశాలో 2017లో స్వీకృతి పథకము వచ్చినది. కర్ణాటకలో 2021లో ప్రభుత్వోద్యోగములలో నూటికి ఒకటి వంతున కేటాయింపు జరిగినది. ఆధార్ దరఖాస్తులో మూడవ గడి కలదు. నిబంధనలు మారుచుండును గనుక, గుర్తింపు పత్రమునకు దరఖాస్తు పెట్టుటకు ముందు కలెక్టరు కచ్చేరిలో విచారించుకొనుట మంచిది.

శాఖా కార్యదర్శులకు మా మనవి యిది. సభ్యత్వ పుస్తకములో పురుషుడు, స్త్రీ యను రెండు గడులతోపాటు మూడవది గీయుడు. అందు ఎవరు వ్రాయించుకొందురో వారి ఇష్టము. ఎవరినీ బలవంతపెట్టవలదు, వ్రాయించుకొన్నవారి సంగతి నలుగురిలో చాటవలదు. యింటివారు గెంటివేసిన బిడ్డ వచ్చినచో ముందు అన్నము పెట్టి, పిమ్మట తలిదండ్రులతో మాటలాడుడు. అంతవరకు కూర్చుండుటకు ఒక మగ్గము చూపుడు. చేతిలో పని యున్నవారు వీధిలో చేయి చాపరు.