పిల్లల చదువు - ఇంటి వాతావరణం

సాయంకాలం బడి నుండి ఇంటికి వచ్చిన పిల్లవాణ్ణి మనం మొట్టమొదట అడిగే ప్రశ్న ఏమిటి? "మార్కులెన్ని వచ్చాయి?" లేదా "హోంవర్కు ఏమిచ్చారు?" సాధారణంగా ఇవే మన ప్రశ్నలు. వాడు అలసిపోయాడా, ఆకలితో ఉన్నాడా, బడిలో ఎవరైనా వాణ్ణి నొప్పించారా అన్నది ఆ తర్వాత కూడా మనకు గుర్తు రాదు.

మన ఇళ్ళలోని పిల్లల దినచర్యను ఒకసారి పరిశీలించండి. తెల్లవారగానే మక్తబ్‌లో ఖుర్ఆన్ పఠనం, ఆ పిమ్మట బడి, సాయంత్రం ట్యూషను, రాత్రికి హోంవర్కు. చాలామంది ఏడెనిమిదేళ్ళ పసివాళ్ళకు తమదని చెప్పుకోవడానికి ఒక్క గంట కూడా మిగలడం లేదు. ఇదంతా వారి మేలు కోసమేనని మనం నమ్ముతున్నాం. ఉద్దేశం మంచిదే. కాని ఉద్దేశం మంచిదైనంత మాత్రాన పద్ధతి సరైనది కాజాలదు.

ఆట లేని చదువు

ఇమామ్ గజాలీ (మరణం 1111) తమ 'ఇహ్యా ఉలూముద్దీన్' గ్రంథంలో పిల్లల శిక్షణ గురించి ప్రత్యేకంగా చర్చించారు. క్రమశిక్షణ విషయంలో ఆయన ఎంతమాత్రం ఉదాసీనులు కారు. తిండి, మాటతీరు, నడవడిక అన్నింటికీ నియమాలు చెప్పారు. అయినప్పటికీ, చదువు ముగించుకొని వచ్చిన పిల్లవాణ్ణి అలసట తీరేలా ఆడుకోనివ్వాలని ఆయన స్పష్టం చేశారు. ఆట మాన్పించి ఎడతెరిపి లేకుండా చదివిస్తే వాని హృదయం చచ్చిపోతుందని, తెలివి మొద్దుబారుతుందని, చివరకు చదువు నుండి తప్పించుకునే ఉపాయాలు వెదుకుతాడని హెచ్చరించారు.

భయం ఏమి నేర్పుతుంది?

ఇబ్నె ఖల్దూన్ 1377లో పూర్తి చేసిన 'ముఖద్దిమా'లో విద్యార్థుల పట్ల కాఠిన్యం గురించి ఒక ప్రకరణమే ఉంది. కాఠిన్యంలో పెరిగిన పిల్లవాడు ఉత్సాహం కోల్పోతాడు, సోమరి అవుతాడు, దెబ్బలకు వెరచి అబద్ధమాడతాడు, మనసులో ఒకటి పెట్టుకొని పైకి మరొకటి చూపుతాడు, క్రమంగా అదే వాని స్వభావమైపోతుంది అన్నది ఆయన వాదన సారాంశం. అంటే, చదువు కోసం మనం ఎత్తిన బెత్తం చదువును ఇవ్వకపోగా నిజాయితీని కూడా హరిస్తుందన్న మాట!

ఆనాటి విద్వాంసులు దండనను పూర్తిగా నిషేధించలేదన్నది వాస్తవమే. అయితే మన దేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను బడిలో పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. బడిలో టీచరు చేయకూడని పనిని ఇంట్లో మనం చేయడం న్యాయమేనా?

మనం చేయగలిగినది

బడి నుండి రాగానే పుస్తకాల సంచి విప్పించకండి. కాళ్ళూ చేతులూ కడుక్కొని, ఏదైనా తిని, గంటసేపు ఆడుకోనివ్వండి. ఈ గంట ఆడపిల్లలకు కూడా దక్కాలి. అన్న వీధిలో ఆడుకుంటూ ఉంటే చెల్లెలు అంట్లు తోమే ఇల్లు న్యాయమైన ఇల్లు కాదు.

ఆ తర్వాత రోజూ ఒకే వేళకు, ఒకే చోట అరగంట చదువుకు కేటాయించండి. ఆ అరగంట పెద్దలు కూడా టీవీ, ఫోను కట్టిపెట్టాలి.

తెలుగు చదవడం రాని తల్లులు తాము సాయపడలేమని నిరుత్సాహపడుతుంటారు. ఆ అవసరం లేదు. ఆనాటి పాఠాన్ని ఉర్దూలో చెప్పమని పిల్లవాణ్ణి అడగండి. ఇంటి భాషలో తిరిగి చెప్పగలిగితే పాఠం వానికి చాలావరకు అర్థమైనట్లే. ఎక్కడ తడబడ్డాడో అక్కడ మళ్ళీ చదవమనండి.

ఒక బిడ్డను మరో బిడ్డతో పోల్చి చిన్నబుచ్చకండి. 6 నుండి 12 ఏళ్ళ పిల్లలకు రోజుకు 9 నుండి 12 గంటల నిద్ర అవసరమని వైద్యులు చెబుతారు. హోంవర్కు కోసం ఆ నిద్రను కోయకండి. బడి వేళకు కడుపునొప్పి అనడం, పక్క తడపడం మళ్ళీ మొదలవడం, ఉన్నట్టుండి మాటలు తగ్గిపోవడం వంటివి కనిపిస్తే తిట్టే ముందు కారణం తెలుసుకోండి. అవి తగ్గకపోతే టీచరుతోనూ, డాక్టరుతోనూ మాట్లాడండి.

హజ్రత్ అనస్ (రజి) చిన్న తమ్ముడు అబూ ఉమైర్ ఒక చిన్న పిట్టను పెంచుకునేవాడు. అది చనిపోయింది. దిగులుగా ఉన్న ఆ పసివాణ్ణి దైవప్రవక్త (స) ఆప్యాయంగా పలకరించి పిట్ట సంగతి అడిగారు. ఒక సమాజ భారాన్నంతా మోస్తున్న ఆయనకు పసివాని దుఃఖం చిన్న విషయంగా తోచలేదు. మన పిల్లల మార్కుల సంగతి తర్వాతనైనా అడగవచ్చు. ముందుగా వారి మనసులో ఏముందో అడుగుదాం.