పెరట్లో అబ్జర్వేటరీ: ముందు స్తంభం, తర్వాతే టెలిస్కోప్

టెలిస్కోప్ కొన్నవాళ్ల ఇళ్లలో తరచుగా వినిపించే మాట ఒకటుంది: "ఇవాళ వద్దులే, రేపు తీద్దాం." బద్ధకం అనుకుంటాం గానీ, అసలు కారణం చిన్న లెక్కలో ఉంది. ఎనిమిది అంగుళాల టెలిస్కోప్ ఒకటి ఉందనుకోండి. ట్యూబు, మౌంటు, ట్రైపాడ్, బరువులు, బ్యాటరీ అన్నీ విడివిడిగా డాబా మీదికి మోయాలి. బిగించాలి, మట్టం చూడాలి, ధ్రువనక్షత్రం వైపు గురి కుదర్చాలి. ఇదంతా అయ్యేసరికి ముప్పావుగంట. చూడటం అయిపోయాక విప్పి, దింపి, సర్దడానికి ఇంకో అరగంట. పొద్దున్నే క్లాసు ఉన్నవాళ్లకి రాత్రి దొరికేదే రెండు గంటలు. అందులో సగానికి పైగా మోతకే సరి.

పైగా మనకి తేటగా ఉండే రాత్రులు తక్కువ. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి మబ్బులు. కోస్తాలో అక్టోబర్, నవంబర్ వాయుగుండాల నెలలు. గట్టిగా చేతికొచ్చేది డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా. అందులోంచి పున్నమి చుట్టుపక్కల రాత్రుల్ని కూడా తీసేయండి. మిగిలిన ప్రతి గంటా విలువైనదే కదా! పెరట్లో అబ్జర్వేటరీ అంటే డబ్బున్నవాళ్ల సరదాలా కనిపిస్తుంది గానీ, నిజానికి అది ఇలా పోతున్న గంటల్ని వెనక్కి రాబట్టుకునే ఏర్పాటు.

అబ్జర్వేటరీ అనగానే గుండ్రటి డోమ్ గుర్తొస్తుంది. కానీ దాని గుండెకాయ డోమ్ కాదు, లోపల టెలిస్కోప్‌ని మోసే స్తంభం. దీన్నే పియర్ అంటారు. అది కదలకుండా ఉంటే ఒకసారి కుదిర్చిన గురి ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. అది కదిలితే పైన ఎంత మంచి టెలిస్కోప్ పెట్టినా దండగే.

మన దగ్గరి పాత కథ

ఇంటి ఆవరణలో అబ్జర్వేటరీ మనకి కొత్త కాదు. గోడే వెంకట జగ్గారావు విశాఖపట్నం జమీందారు. మద్రాసు అబ్జర్వేటరీలో టి.జి. టేలర్ దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకుని, 1840 ప్రాంతంలో డాబాగార్డెన్స్‌లోని తన నివాసంలోనే వేధశాల కట్టుకున్నారు. 1856లో ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపారు. 1874 డిసెంబర్ 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా నల్లచుక్కలా సాగిపోతుంటే నరసింగరావు విశాఖ నుంచే పరిశీలించారు. లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి ఆయన ఫెలో కూడా.

శుక్రుడి ప్రయాణం రేపు చూద్దాంలే అనుకునేది కాదు. 1874, 1882 తర్వాత మళ్లీ 2004, 2012లోనే వచ్చింది. ఇక రాబోయేది 2117లో. అలాంటి రోజున పరికరం అప్పటికే నిలబడి, గురి కుదిరి, గడియారం సరిచూసి సిద్ధంగా ఉండాలి. ఇంట్లో వేధశాల ఉండటంలోని అర్థం అదే. హైదరాబాద్‌లోని నిజామియా అబ్జర్వేటరీ పుట్టుక కూడా ఇలాంటిదే. 1901 నాటికి నవాబ్ జఫర్ జంగ్ తన సొంత ఆసక్తితో తెప్పించుకున్న 15 అంగుళాల టెలిస్కోప్‌తో అది మొదలైంది.

జమీందారు, నవాబు అనగానే మనవల్ల కాదనుకోకండి. వాళ్లకి దొరకని సిమెంటు, స్టీలు, మోటారు మౌంట్లు ఇవాళ మన బజారులోనే ఉన్నాయి.

నిజమైన శంకుస్థాపన

శంకుస్థాపన అన్న మాటని ఇప్పుడు మంత్రులు శిలాఫలకం ఆవిష్కరించే సందర్భానికే వాడుతున్నాం. శంకువు అంటే నేలలో నిటారుగా నిలిపే కర్ర. దాని నీడతో దిక్కులు తేల్చుకుని కట్టడం మొదలుపెట్టడం పాత పద్ధతి. అబ్జర్వేటరీకి అదే కావాలి, ఎందుకంటే మౌంటు అక్షం భూమి అక్షానికి సమాంతరంగా ఉండాలి. అంటే అది అసలైన ఉత్తరానికి తిరిగి, మన అక్షాంశం ఎంతో అంత కోణంలో పైకి లేవాలి. హైదరాబాద్‌లో 17.4 డిగ్రీలు, విశాఖలో 17.7, విజయవాడలో 16.5, తిరుపతిలో 13.6.

ఫోన్‌లో కంపాస్ ఉందిగా అంటారేమో. స్లాబులోని ఇనుప కడ్డీలు దాన్ని ఇట్టే పక్కకి లాగేస్తాయి. సూర్యుణ్ని నమ్ముకోవడం మేలు. రసమట్టంతో చదును చూసిన నేల మీద కర్ర నిటారుగా నిలిపి, దాని మొదలు కేంద్రంగా ఒక వృత్తం గీయండి. పొద్దున నీడ కొన వృత్తాన్ని తాకి లోపలికి వచ్చేచోట ఒక గుర్తు, మధ్యాహ్నం దాటాక బయటికి వెళ్లేచోట ఇంకో గుర్తు పెట్టండి. రెండింటినీ కలిపితే తూర్పు పడమరల గీత. దానికి లంబం గీస్తే ఉత్తర దక్షిణాలు. ఖర్చు సున్నా.

ధ్రువనక్షత్రాన్ని నేరుగా చూసుకోవచ్చు గానీ, మన అక్షాంశాల్లో అది చాలా కిందికి ఉంటుంది. ఉత్తరాన పాతిక మీటర్ల దూరంలో మూడంతస్తుల బిల్డింగ్ ఒకటి ఉంటే చాలు, నేల మీద నిలబడ్డవాళ్లకి ధ్రువుడు కనపడడు. కొబ్బరిచెట్ల సంగతి సరేసరి. అందుకే నీడ గీత మనకి అంత అవసరం.

స్తంభం

కదలిక ఎంత తక్కువైనా ఎందుకు సహించకూడదో ఒక లెక్క చూద్దాం. మీటరు పొడవున్న ట్యూబు ఒక కొసన మిల్లీమీటరులో పదో వంతు కదిలిందనుకోండి. కాగితం మందమంత. కోణంలో అది దాదాపు 20 ఆర్క్ సెకండ్లు. 200 రెట్లు పెద్దది చేసి చూస్తుంటే అదే కదలిక కంటికి ఒక డిగ్రీకి పైగా కనిపిస్తుంది. అంటే మామూలు కంటితో చూసే చందమామ వెడల్పుకి రెండింతలు! పక్కన ఎవరైనా అడుగు వేస్తే శనిగ్రహం గంతులేసేది ఇందుకే.

కాబట్టి మొదటి నియమం: స్తంభం పునాది వేరు, మనం నిలబడే నేల వేరు. రెండింటి మధ్య అంగుళం ఖాళీ వదిలి, అందులో థర్మోకోల్ షీటు పెట్టండి. మన అడుగుల అదురు స్తంభానికి చేరదు. గొయ్యి లోతు నేలని బట్టి ఉంటుంది. గట్టి ఎర్రమట్టి అయితే మూడడుగులు సరిపోవచ్చు. కృష్ణా, గుంటూరు వైపు నల్లరేగడి అయితే జాగ్రత్త. అది వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలు వారుతుంది, స్తంభాన్ని కూడా దానితోపాటే వంచుతుంది. ఉబ్బే పొర దాటేదాకా లోతుకి దిగాల్సిందే. మీ సివిల్ ఫ్రెండ్‌ని పిలవడానికి ఇంతకంటే మంచి అవకాశం రాదు.

ఇంట్లో వాడే ఎం20 కాంక్రీటు చాలు. కడ్డీలు, రింగులు కట్టి, అడుగు వెడల్పు స్తంభం పోయించండి. మౌంటు ప్లేటుకి కావాల్సిన బోల్టులు కాంక్రీటు గట్టిపడక ముందే కూర్చోవాలి. ప్లైవుడ్ ముక్కకి కొలత ప్రకారం బెజ్జాలు వేసి, బోల్టులు దూర్చి, నీడ గీతకి సరిగ్గా తిప్పి పెట్టండి. మేస్త్రీ తొందరపెడతాడు, మీరు పడకండి. వారం రోజులు బాగా నీళ్లు పట్టి, 28 రోజులు ఆగాకే బరువెక్కించండి.

డాబా మీద కట్టేవాళ్లకి ఇంకో నియమం. స్లాబు మధ్యలో వద్దు, అక్కడ అది డప్పులా ఊగుతుంది. కింద పిల్లర్ ఉన్నచోట, దాని నెత్తి మీదే స్తంభం లేపండి. బరువు సంగతి ఇంజనీరుకి చూపించాకే.

కప్పు

డోమ్ అందంగా ఉంటుంది, గాలినీ వీధిదీపాల వెలుగునీ ఆపుతుంది. కానీ చేయించడం కష్టం, ఖర్చు. మన ఎండలకి లోపల వేడి కూడా నిలుస్తుంది. పెరట్లో కట్టుకునేవాళ్లకి జరిగే కప్పు సుఖం. మామూలు షెడ్డే, కాకపోతే పైకప్పు మొత్తం పట్టాల మీద పక్కకి దొర్లుతుంది. స్లైడింగ్ గేట్లకి వాడే చక్రాలు, యాంగిల్ ఇనుము, రేకులు ఉంటే వెల్డింగ్ షాపు వాళ్లే చేసిపెడతారు.

గోడలు ఇటుకతో మందంగా కట్టకండి. పగలంతా తాగిన వేడిని ఇటుక రాత్రంతా వదులుతూనే ఉంటుంది. ఆ వేడిగాలి టెలిస్కోప్ ముందు నుంచి పైకి లేస్తుంటే నక్షత్రం నీళ్లలో చూసినట్టు అలలాడుతుంది. రేకు గోడకి తెల్లరంగు వేస్తే సాయంత్రానికే చల్లబడుతుంది. కిందా పైనా గాలి ఆడే సందులు వదిలి, వాటికి దోమతెర కొట్టించండి. లేకపోతే బల్లులు, కందిరీగలు ట్యూబులో కాపురం పెడతాయి. సముద్రం దగ్గరి ఊళ్లలో అద్దాలకి బూజు పట్టే ప్రమాదం ఎక్కువ, సిలికా జెల్ తప్పనిసరి.

జరిగే కప్పుకి అసలు శత్రువు తుఫాను. గంటకి 180 కిలోమీటర్ల గాలి అంటే సెకనుకి 50 మీటర్లు. బెర్నౌలీ లెక్క ప్రకారం చదరపు మీటరుకి 1,500 పాస్కల్స్, అంటే 150 కిలోల పైచిలుకు. మూడు మీటర్లకి మూడు మీటర్ల కప్పుని ఎత్తేయడానికి టన్నుకి పైగా బలం! చక్రాలు పట్టాల మీద ఉంటే చాలదు. పట్టా కిందికి కొక్కెంలా తిరిగే యాంగిల్, నాలుగు మూలలా గడియలు ఉండాలి. కప్పు మీది కాబట్టి ఎగిరి పక్కింటి మీద పడితే బాధ్యత కూడా మీదే.

మొదటి రాత్రి

కొత్త టెలిస్కోప్‌లోకి మొదటిసారి వెలుగు రావడాన్ని ఫస్ట్ లైట్ అంటారు. ఆ రాత్రి దూరపు గెలాక్సీల కోసం వెతకాలని మనసు లాగుతుంది. ఆగండి, ముందు నాలుగు పనులున్నాయి.

ఒకటి, పగలే దూరంగా ఉన్న సెల్ టవర్‌ని చూస్తూ ఫైండర్‌ని ప్రధాన టెలిస్కోప్‌తో కలపండి. సూర్యుడి వైపు మాత్రం సరైన ఫిల్టర్ లేకుండా ఎప్పుడూ తిప్పకండి, కన్ను క్షణంలో పోతుంది.

రెండు, చీకటి పడే గంట ముందే కప్పు తీసేయండి. అద్దం బయటిగాలి చల్లదనానికి రావాలి.

మూడు, ప్రకాశవంతమైన నక్షత్రాన్ని పెట్టి స్తంభాన్ని అరచేత్తో తట్టండి. బొమ్మ ఒకటి రెండు సెకన్లలో నిలిచిపోతే స్తంభం పాసైనట్టే.

నాలుగు, గురిని సవరించడం. ధ్రువుడు కనపడకపోయినా ఇది చేయొచ్చు. ఓరియన్ నడుములో వరసగా ఉండే మూడు చుక్కల్లో ముందుగా ఉదయించేది ఖగోళ మధ్యరేఖకి దాదాపు మీదే ఉంటుంది. అది నడినెత్తి గీతని దాటే వేళకి గీతల ఐపీస్‌లో పెట్టి, మోటారు ఆన్ చేసి, ఐదు నిమిషాలు చూడండి. చుక్క దక్షిణానికి జారితే మీ అక్షం తూర్పుకి ఎక్కువ తిరిగింది. ఉత్తరానికి జారితే పడమరకి. గురి డిగ్రీ తప్పితే జారుడు నిమిషానికి 15 ఆర్క్ సెకండ్లు, కాబట్టి తప్పు దాక్కోలేదు. తర్వాత తూర్పున కింద ఉన్న చుక్కతో ఇదే పని చేస్తే ఎత్తు తేలుతుంది: ఉత్తరానికి జారితే అక్షం ఎక్కువ లేచింది, దక్షిణానికి జారితే తక్కువ లేచింది. స్క్రూ కొంచెం తిప్పడం, మళ్లీ చూడటం. ఈ పనికి ఒక రాత్రంతా పట్టినా దిగులు లేదు. ట్రైపాడ్ వాళ్లు దీన్ని ప్రతి రాత్రీ చేయాలి, మీరు ఒక్కసారే.

ఆ తర్వాత చందమామ, గురుగ్రహం, శని, ఓరియన్ నెబ్యులా, ఏది కావాలంటే అది.

స్తంభం నిజంగా కదలట్లేదా అన్న అనుమానం ఉంటే దాన్ని తీర్చే పరీక్ష కూడా ఆకాశంలోనే ఉంది. మోటారు ఆపి, టెలిస్కోప్‌ని ఒకే దిశలో బిగించి వదిలేయండి. ఒక చుక్క గీతని దాటే సమయం సెకన్లతో సహా రాసుకోండి. రేపు అదే చుక్క 3 నిమిషాల 56 సెకన్లు ముందు రావాలి. వారానికి 27 నిమిషాల 31 సెకన్లు. ఒక్క సెకను తేడా వచ్చిందంటే స్తంభం 15 ఆర్క్ సెకండ్లు తిరిగిందన్నమాట. మీ గడియారం సరైనదైతే భూమి మీ స్తంభాన్ని పరీక్షిస్తుంది. స్తంభం సరైనదైతే దానితో మీ గడియారాన్నే సరిచూసుకోవచ్చు. పాతకాలం అబ్జర్వేటరీలు ఊళ్లకి టైం చెప్పింది ఈ పద్ధతిలోనే.

స్థలం లేనివాళ్లకి

అద్దె ఇల్లు, హాస్టల్ అంటారా? ఉన్న డాబా మీదే ఒక ఆదివారం నీడతో ఉత్తర దక్షిణాల గీత గీయండి. ఒక రాత్రి కూర్చుని గురి కుదిర్చి, ట్రైపాడ్ మూడు కాళ్లూ నిలిచిన చోట పెయింటుతో మూడు గుర్తులు పెట్టండి. కాళ్ల పొడవు కూడా గుర్తుపెట్టుకోండి. మర్నాటి నుంచి ట్రైపాడ్‌ని ఆ గుర్తుల మీదే దించితే గురి దాదాపు కుదిరే ఉంటుంది. గోడలు, కప్పు, స్తంభం ఉద్యోగం వచ్చాక చూసుకోవచ్చు. మూడు చుక్కల పెయింటుకి ఇంటి ఓనర్ కూడా ఏమీ అనకపోవచ్చు.