రెండు వైపులా రెండు ఉష్ణోగ్రతలు: జబ్బు ఏ వైపు?

కోర్బా గనుల బొగ్గు నింపుకున్న గూడ్సు రైళ్లు లాల్‌ఖదాన్ దాటి బిలాస్‌పూర్ యార్డుకు చేరతాయి. ఇలాంటి యార్డుల్లో క్యారేజ్ అండ్ వ్యాగన్ సిబ్బంది చేతిలో పిస్టల్ ఆకారంలో ఒక పరారుణ థర్మామీటర్ కనిపిస్తుంది. చక్రాల పక్కనుండే యాక్సిల్ బాక్సుల మీదికి దాన్ని గురిపెట్టి, ముట్టుకోకుండానే ఉష్ణోగ్రత చూస్తారు. పక్కవాటికన్నా బాగా వేడిగా ఉన్న బాక్సు దొరికితే అది ‘హాట్ యాక్సిల్’. లోపల బేరింగు పాడై రాపిడి పెరిగిందన్నమాట. ఒక వైపు ఎండ కొడుతుంటే ఆ కొద్దిపాటి తేడాను పక్కన పెట్టాలి, అంతే. మిగతా తర్కం సూటిగా ఉంటుంది: ఏది వేడిగా ఉందో దానికే జబ్బు.

బిలాస్‌పూర్ రైల్వే బస్తీల్లో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఇది ఇంట్లో వినే మాటే. కానీ అదే థర్మామీటరుతో, అదే తర్కంతో మోటారు పడవ దగ్గరికి వెళ్తే మోసపోతాం. అక్కడ ఒక్కోసారి చల్లగా ఉన్న వైపే చెడిపోయి ఉంటుంది.

ఇది పడవ మెకానిక్కులకు మాత్రమే పట్టే విషయం కాదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు విపత్తు స్పందన దళాలు పడవల మీద వీధుల్లోకి వెళ్లాయి. ఇటువంటి సహాయక పడవల వెనక బిగించే ఇంజన్‌నే అవుట్‌బోర్డ్ మోటారు అంటారు. దళాల భాషలో ఓబీఎం. వీధుల్లో నిలిచిన వరద నీటిలో బురద ఉంటుంది, ఇసుక ఉంటుంది, ప్లాస్టిక్ సంచులకు లెక్కే ఉండదు. ఓబీఎం తనను తాను చల్లబరచుకోవడానికి పీల్చుకునేది ఆ నీళ్లనే.

కారులో ఉన్నట్టు దీనికి రేడియేటర్ ఉండదు. ప్రొపెల్లర్‌కు కాస్త పైన, నీటిలో మునిగి ఉండే భాగంలో జల్లెడలాంటి రంధ్రాలుంటాయి. వాటి గుండా నీటిని లాగి పైకి తోసేది ఒక చిన్న పంపు. దాని లోపల తిరిగేది రబ్బరు రెక్కల చక్రం, ఇంపెల్లర్. పైకెక్కిన నీరు సిలిండర్ల చుట్టూ ఉన్న సన్నని దారుల్లో తిరిగి, వేడిని మోసుకుని మళ్లీ బయటికి పోతుంది. పెద్ద ఇంజన్లలో సిలిండర్లు వీ ఆకారంలో రెండు వరుసలుగా ఉంటాయి. నీరు అక్కడ రెండు పాయలుగా చీలుతుంది. సాధారణంగా ఒక్కో పాయ చివర ఒక్కో థర్మోస్టాట్ కాపలా ఉంటుంది. ఎడమ హెడ్ 60 డిగ్రీలు, కుడి హెడ్ 42 డిగ్రీలు చూపించే చిక్కు వచ్చేది ఇలాంటి ఇంజన్లలోనే.

అంకెలను నమ్మేముందు థర్మామీటరును అనుమానించాలి. అది ఉష్ణోగ్రతను నేరుగా కొలవదు. వస్తువు నుంచి వచ్చే పరారుణ కాంతిని కొలిచి, దాన్నిబట్టి లెక్క కడుతుంది. వస్తువు ఎంత సమర్థంగా ఆ కాంతిని వెదజల్లుతుందో చెప్పే అంకెను ఉద్గారత అంటారు. పెయింట్ వేసిన ఉపరితలానికి అది దాదాపు 0.95. చవక థర్మామీటర్లు అన్నింటికీ ఇదే అంకె వాడతాయి. మెరిసే అల్యూమినియానికి మాత్రం అది 0.1 చుట్టుపక్కలే. మిగిలినదంతా చుట్టూ ఉన్న వస్తువుల ప్రతిబింబం, అంటే అద్దంలో ముఖం చూసినట్టు. ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్నిబట్టి వికిరణం మారుతుందన్న స్టీఫాన్-బోల్ట్జ్‌మన్ సూత్రంతో లెక్క వేసి చూస్తే, 30 డిగ్రీల పరిసరాల్లో నిజంగా 70 డిగ్రీల వేడి ఉన్న మెరిసే అల్యూమినియం ఈ థర్మామీటరుకు సుమారు 35 డిగ్రీలుగా కనిపిస్తుంది. ఒక వైపు పెయింట్ లేచిపోయి, ఇంకో వైపు చెక్కుచెదరకుండా ఉంటే చాలు, లేని జబ్బు పుట్టుకొస్తుంది.

దీనికి మందు కరెంటు పనివాళ్లు వాడే నల్ల టేపు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే రెండు హెడ్ల మీదా ఒకే రకం చోట చిన్న ముక్క అంటించి, తర్వాత కొలతలన్నీ ఆ ముక్కల మీదే తీసుకోవాలి. దగ్గరి నుంచి గురిపెట్టడం కూడా ముఖ్యం. దూరానికి, కొలిచే వలయానికి నిష్పత్తి 12:1 అని రాసి ఉన్న పరికరం 60 సెంటీమీటర్ల దూరం నుంచి 5 సెంటీమీటర్ల వెడల్పున్న వలయాన్ని సగటు కడుతుంది. ఎర్ర లేజరు చుక్క గురి చూసుకోవడానికే. కొలిచేది ఆ చుక్క ఒక్కదాన్నే అనుకునేవాళ్లు చాలామంది.

టేపు మీద కూడా తేడా నిలిచిందనుకుందాం. ఇప్పుడు ఏ వైపుది తప్పు? రెండు అంకెలను ఒకదానితో ఒకటి పోలిస్తే తేడా ఉందని తెలుస్తుందే తప్ప, అది ఎవరిదో తెలియదు. మూడో అంకె కావాలి. అది థర్మోస్టాట్ తెరుచుకునే ఉష్ణోగ్రత. చాలా అవుట్‌బోర్డ్ ఇంజన్లలో 50 నుంచి 60 డిగ్రీల దగ్గర ఉంటుంది. కచ్చితమైన విలువ ఆ మోడల్ మాన్యువల్‌లో దొరుకుతుంది. కారు థర్మోస్టాట్లకన్నా ఇది బాగా తక్కువ. సముద్రపు నీరు మరీ వేడెక్కితే అందులోని కాల్షియం లవణాలు గోడలకు పెచ్చులా పేరుకుంటాయి, అందుకని.

మన ఇంజన్ థర్మోస్టాట్ 60 డిగ్రీలదైతే, ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు 60 చూపిస్తున్న ఎడమ వైపు ఆరోగ్యంగా ఉన్నట్టు. 42 దగ్గరే ఆగిపోయిన కుడి వైపునే అనుమానించాలి. ఇసుక రేణువో పెచ్చు ముక్కో ఇరుక్కుని అక్కడి థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయిందని మొదటి అనుమానం. చల్లగా ఉంటే మంచిదే కదా అనిపిస్తుంది. కాదు. చల్లని సిలిండర్లో ఇంధనం సరిగా ఆవిరి కాక ప్లగ్గులు మసిబారతాయి. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ అయితే కాలని పెట్రోలు ఆయిల్‌లో కలిసి దాన్ని పలచన చేస్తుంది. అదే కుడి వైపు 80 చూపిస్తే కథ వేరు. థర్మోస్టాట్ మూసుకుపోయి ఉండాలి, లేదా నీటి దారి పూడుకుపోయి ఉండాలి.

రెంటిలో ఏదో తేల్చడానికి నాకు బాగా నచ్చే పరీక్ష తారుమారు. ఇంజన్ ఆపి, చల్లారాక, ఎడమ థర్మోస్టాట్‌ను కుడికి, కుడిదాన్ని ఎడమకు కొత్త గ్యాస్కెట్లతో బిగించాలి. జబ్బు వైపు మారితే తప్పు ఆ భాగానిది. ఉన్నచోటే ఉంటే తప్పు దారిది. తీసిన థర్మోస్టాట్‌ను దారంతో గిన్నెలోని నీళ్లలో వేలాడదీసి, వంటింటి పొయ్యి మీద వేడి చేస్తూ ఎన్ని డిగ్రీలకు తెరుచుకుంటుందో థర్మామీటరుతో చూడవచ్చు. గిన్నె అడుగుకు మాత్రం తగలనివ్వకూడదు.

దారి పూడితే ఎంత వేడెక్కుతుందో అంచనా వేయవచ్చు. ఒక వైపు సిలిండర్లు నీటికి 10 కిలోవాట్ల వేడిని ఇస్తున్నాయనీ, సెకనుకు 200 గ్రాముల నీరు వాటి చుట్టూ పారుతోందనీ అనుకుందాం. నీటి ఉష్ణోగ్రత సుమారు 12 డిగ్రీలు పెరుగుతుంది. ప్రవాహం సగమైతే అదే వేడికి 24 డిగ్రీలు పెరుగుతుంది. లోహపు గోడ అంతకన్నా ఎక్కువే వేడెక్కుతుంది, ఎందుకంటే దాన్ని కప్పిన లవణపు పెచ్చు అల్యూమినియంతో పోలిస్తే పదుల రెట్లు తక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది. ఇంజన్ వెనక పిచికారీలా కొట్టే నీటి ధార బలంగా ఉందని ధైర్యపడటానికి లేదు. చాలా ఇంజన్లలో ఆ ధారను థర్మోస్టాట్లకు ముందే మళ్లిస్తారు. పంపు పనిచేస్తోందని అది చెబుతుంది. రెండు హెడ్లకూ నీరు అందుతోందని చెప్పలేదు.

రెండు వైపులూ కలిసి వేడెక్కితే లెక్క పంపు దగ్గరికి, పీల్చే రంధ్రాల దగ్గరికి పోతుంది. నెమ్మదిగా తిరిగినప్పుడే వేడెక్కుతుంటే ఇంపెల్లర్ రెక్కలు అరిగి ఉండవచ్చు. వేగం పెంచినప్పుడే అయితే జల్లెడకు సంచి అతుక్కుందేమో చూడాలి. ఇంకొకటి మరిచిపోకూడదు: ఉష్ణోగ్రత అంటే పుట్టే వేడికి, పోయే వేడికి మధ్య బేరం. ఒక సిలిండర్‌కు పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైతే, నీరు సరిగ్గానే పారుతున్నా ఆ సిలిండర్ వేడెక్కవచ్చు. నీటి దారులు విప్పే ముందు స్పార్క్ ప్లగ్గులు తీసి రంగు చూడటానికి పది నిమిషాలు చాలు. ఏ పరీక్ష చేసినా పొడిగా నడపకూడదు. నీరు లేని ఇంపెల్లర్ సెకన్లలో పాడవుతుంది. డ్రమ్ములో నీళ్లు పోసి ముంచి నడిపితే నెమ్మది వేగం పరీక్షలు చేసుకోవచ్చు, పూర్తి వేగం సంగతి చెరువులోనో రిజర్వాయరులోనో చూడాలి.

వరద నీటిలో తిరిగొచ్చిన ఇంజన్‌ను మంచినీటితో కడిగేటప్పుడు కూడా ఈ థర్మోస్టాట్ గుర్తుండాలి. రెండు మూడు నిమిషాలు నడిపి ఆపేస్తే అది మూసుకునే ఉంటుంది, లోపలి బురద అక్కడే మిగులుతుంది. రెండు టేపు ముక్కలూ థర్మోస్టాట్ ఉష్ణోగ్రతకు చేరి, మరికొంత సేపు అక్కడే నిలిచేదాకా నడిపిస్తే మంచినీరు రెండు హెడ్లలోనూ పూర్తిగా తిరుగుతుంది.