మౌనా లానీ చెరువుకు నీళ్లెక్కడివి?

హవాయిలోని బిగ్ ఐలాండ్ పడమటి తీరాన, నల్లని లావా రాళ్ల మధ్య మౌనా లానీ అనే ఖరీదైన రిసార్టు ఉంది. సీ లైఫ్ పార్క్ నుంచి తెచ్చిన ఆకుపచ్చ తాబేలు పిల్లల్ని 1989 నుంచి ఇక్కడ పెంచుతున్నారు. ఎదిగినవాటిని జూలై 4న సముద్రంలోకి వదలడం పెద్ద వేడుక. అతిథులు గుమిగూడతారు, కెమెరాలు మెరుస్తాయి.

ముచ్చటైన దృశ్యమే. కానీ హవాయి తాబేళ్లు కోలుకోవడంలో దీని వాటా చిన్నది. 1978లో అమెరికా చట్టం వాటికి రక్షణ కల్పించడం, వేట ఆగడం అసలు కారణాలు. పైగా వాటిలో 90 శాతానికి పైగా గుడ్లు పెట్టేది ఎక్కడో వాయవ్యంలో ఉన్న లాలో పగడపు దీవుల్లో. అక్కడి ఈస్ట్ ఐలాండ్‌ను 2018 అక్టోబరులో వాలకా తుపాను దాదాపు తుడిచిపెట్టేసింది. ఆ లోటు ఏ హోటలూ తీర్చగలిగేది కాదు.

రిసార్టు ఆవరణలో అంతకన్నా శ్రద్ధగా చూడవలసినవి కలాహుయిపువా చేపల చెరువులు. యూరప్ ఓడలు రాకముందు హవాయి ప్రజలు ఏర్పరచుకున్నవి ఇవి. సముద్రం వైపు కాలువకు కర్రలతో అల్లిన తలుపు ఉంటుంది. దాని పేరు మకాహా. చిన్న చేపలు సందుల్లోంచి లోపలికొస్తాయి. నాచు తిని బలిశాక అదే సందులోంచి బయటికి పోలేవు. వల వేయకుండానే ముల్లెట్ చేప చేతికందుతుంది! పెద్దల పంక్తికి, అతిథి మర్యాదకు ఈ చేపే వెళ్లేది.

ఆ నాచు బాగా పెరగాలంటే ఉప్పునీటిలో మంచినీరు కలవాలి. ఈ తీరంలో ఏడాదికి కురిసేది సుమారు 250 మిల్లీమీటర్లు, అంటే అనంతపురం వానలో సగం కూడా కాదు. మరి మంచినీరు ఎక్కడిది? పైన కొండవాలుల్లో పడిన వాన, సందుల నిండిన లావా రాతిలో ఇంకి, భూమి అడుగునే తీరానికి చేరుతుంది.

ఇక్కడ చిన్న లెక్క ఉంది. ఘనపు మీటరు మంచినీరు 1,000 కిలోలు తూగితే సముద్రపు నీరు సుమారు 1,025 కిలోలు తూగుతుంది. అందుకే రాతిలో చేరిన మంచినీరు ఉప్పునీటిపై కటకంలా తేలుతుంది. సముద్ర మట్టానికి ఒక మీటరు పైన నిలిస్తే, కింద దాదాపు 40 మీటర్ల లోతు దాకా ఉంటుంది. దీన్నే ఘైబెన్–హెర్జ్‌బెర్గ్ సూత్రం అంటారు. తిరగేసి చూస్తే భయం వేస్తుంది: నీటిమట్టం పది సెంటీమీటర్లు తగ్గి అలాగే ఉండిపోతే, అడుగు నుంచి ఉప్పునీరు కాలక్రమంలో నాలుగు మీటర్లు పైకి ఎగదన్నుతుంది.

ఈ నీటి రాకను కంటితో చూడటం కష్టం. హవాయి విశ్వవిద్యాలయ పరిశోధకులు విమానం నుంచి పరారుణ కెమెరాలతో ఈ పడమటి తీరాన్ని చిత్రించి 2008లో ఫలితాలు ప్రచురించారు. వెచ్చని సముద్రంలోకి చల్లని భూగర్భజలం పాయలు పాయలుగా చొచ్చుకుపోవడం వాటిలో కనిపించింది.

ఈ నీటినే నమ్ముకున్న మరో ప్రాణి ఓపయే ఉలా. సెంటీమీటరు పొడవుండే ఎర్ర రొయ్య అది. లావా పగుళ్లలోంచి తీరపు గుంటల్లోకి వచ్చి నాచు మేసి మళ్లీ పగుళ్లలోకి వెళ్లిపోతుంది. 1980ల్లో ఈ తీరాన రిసార్టులు లేస్తున్నప్పుడు అలాంటి గుంటలు చాలా పూడిపోయాయి.

ఎండు నేలపై పచ్చిక బయళ్లకూ, గోల్ఫ్ మైదానాలకూ నీళ్లు కావాలి. ఈ ప్రాంతంలో అందుకు కాస్త ఉప్పగా ఉండే బావినీరు, శుద్ధిచేసిన మురుగునీరు వాడతారు. తోడింది కటకంలోంచి తరుగుతుంది. వేసిన ఎరువులో కొంత మళ్లీ అందులోకే ఇంకుతుంది. కాబట్టి తీరపు రిసార్టుల సంరక్షణను తాబేళ్ల వేడుకలో కాదు, బావుల దగ్గర కొలవాలి. కొండ నుంచి సముద్రం దాకా ఒకే భూభాగంగా లెక్కించే అహుపువా పద్ధతి హవాయి వారిది. వారి భాషలో మంచినీరు ‘వై’, సంపద ‘వైవై’.

ఇప్పుడు సముద్రమే ఎగబాకుతోంది. చెరువు గట్టు ఎత్తు పెంచితే అలలు ఆగుతాయి. అడుగు నుంచి వచ్చే ఉప్పునీరు ఆగదు. లావా రాతి నిండా సందులే.