ఎండ తగలని చోట నలుపు



నాట్లకు, కోతలకు వెళ్ళినవారు కాస్త నల్లబడితే మన పెనుగొండలో ఎవరూ వింతగా చూడరు. కానీ ఎండ తగలని చోట, అంటే చిగుళ్ళు, బుగ్గల లోపలి భాగం, అరచేతి గీతలు, పాత దెబ్బల మచ్చలు కొత్తగా నల్లబడుతుంటే క్రీములు రాస్తూ కాలం గడపవద్దని మా మనవి.

మెదడు అడుగున బఠాణీ గింజంత పీయూష గ్రంథి ఉంది. అది ఏ.సి.టి.హెచ్. అనే హార్మోనును పంపి, మూత్రపిండాలపై టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథుల చేత కార్టిసాల్ తయారు చేయిస్తుంది. రక్తపోటు నిలవడానికి, రక్తంలో చక్కెర పడిపోకుండా ఉండడానికి, జబ్బును తట్టుకోవడానికి కార్టిసాల్ అవసరం. అడ్రినల్ గ్రంథులు పాడైతే పీయూష గ్రంథి ఏ.సి.టి.హెచ్.ను మరింతగా పంపుతుంది. ఈ హార్మోనూ, చర్మానికి రంగునిచ్చే ఎం.ఎస్.హెచ్. అనే హార్మోనూ ఒకే ప్రోటీను నుండి పుడతాయి. అందుచేత ఏ.సి.టి.హెచ్. మితిమీరితే చర్మం నల్లబడుతుంది.

లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు థామస్ అడిసన్ 1855లో ఈ జబ్బును వివరించారు. దానికి ఆయన పేరే వచ్చింది. మన దేశంలో నేటికీ దీనికి ముఖ్య కారణాల్లో ఒకటి క్షయ.

నలుపుతోపాటు విపరీతమైన నీరసం, ఆకలి లేకపోవడం, బరువు తగ్గడం, లేచి నిలబడితే కళ్ళు తిరగడం, వాంతులు, ఉప్పు తినాలనే కోరిక ఉంటే వెంటనే వైద్యునికి చూపించండి. ఉదయం 8 గంటల ప్రాంతంలో తీసిన రక్తంలో కార్టిసాల్ ఎంతుందో చూస్తే జబ్బు జాడ తెలుస్తుంది.

అయితే ప్రతి నలుపూ ఇది కాదు. గర్భిణుల ముఖంపై మంగు రావచ్చు. బి12 విటమిన్ లోపిస్తే వేళ్ళ కణుపులు నల్లబడవచ్చు. కంగారు పడవద్దు.

ఈ జబ్బుకు మందు ఉంది. తక్కువైన హార్మోనును మాత్రల రూపంలో, సాధారణంగా జీవితాంతం వాడాలి. మూడు సంగతులు మరువకండి:

1. ఒంట్లో బాగుందని మాత్రలు మానవద్దు. మానితే ప్రాణానికే ముప్పు.
2. జ్వరం వస్తే, ఆపరేషన్ ఉంటే మోతాదు పెంచవలసి ఉంటుంది. ఎంత పెంచాలో డాక్టరుగారిని ముందే అడిగి రాసుకోండి. వాంతులై మాత్ర నిలవకపోతే ఇంజెక్షన్ కోసం వెంటనే ఆసుపత్రికి రండి.
3. క్షయకు వాడే రిఫాంపిసిన్ ఈ మాత్రల బలాన్ని తగ్గిస్తుంది. రెండూ వాడేవారు ఆ విషయం తప్పక చెప్పండి.

ఇంట్లో ఎవరైనా ఇలా నల్లబడి, నీరసించిపోతుంటే వారి నోరు ఒకసారి తెరిపించి చూడండి. చిగుళ్ళు కూడా నల్లబడితే ఆలస్యం చేయక తీసుకురండి.