ఫార్ములా ఒకటే, అయస్కాంతత్వం వేరు: ఫెర్రైట్ పొడుల తీరు

ల్యాప్‌టాప్ చార్జర్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌లో నల్లటి పింగాణీ ముక్కలా కనిపించేదే ఫెర్రైట్. ఐరన్ ఆక్సైడ్‌తో నికెల్, జింక్, మాంగనీస్ వంటి లోహాల ఆక్సైడ్లు కలిసి ఏర్పడే పదార్థమిది. 1930లో టోక్యోలో కాటో, టాకేయ్ దీన్ని కనుగొన్నారు. విద్యుత్తును సులువుగా పారనివ్వదు కనుక, అధిక పౌనఃపున్యాల వద్ద లోహపు కోర్‌లా వేడెక్కదు.

అయితే ఫార్ములా చూసి ఫెర్రైట్ గుణం చెప్పడం కుదరదు. జింక్ ఫెర్రైట్ సంగతే చూడండి. దీని స్ఫటికంలో లోహ అయాన్లకు రెండు రకాల స్థానాలుంటాయి: నాలుగు ఆక్సిజన్ల మధ్య ఒకటి, ఆరింటి మధ్య మరొకటి. జింక్‌కు మొదటిదే ఇష్టం. కొలిమిలో కాల్చి నెమ్మదిగా చల్లార్చితే జింక్ అంతా అక్కడే కుదురుకుంటుంది, ఇనుము రెండో స్థానాల్లో సర్దుకుంటుంది. అలాంటి పొడిని గది ఉష్ణోగ్రత వద్ద అయస్కాంతం దాదాపుగా ఆకర్షించదు. అదే పొడిని బాల్ మిల్లులో గంటల తరబడి నూరితే కొంత జింక్, కొంత ఇనుము చోట్లు మార్చుకుంటాయి. రెండు స్థానాల్లోని ఇనుము అయాన్ల అయస్కాంతత్వం వ్యతిరేక దిశల్లో ఉన్నా పూర్తిగా రద్దు కాదు. ఇప్పుడు పొడి అయస్కాంతానికి స్పందిస్తుంది! (మిల్లులోని ఉక్కు గుండ్లు అరిగి కలిసిన ఇనుము కాదు కదా అన్నది మాత్రం ముందే తేల్చుకోవాలి.)

పరిశోధనశాలల్లో ఎక్కువగా వాడే సోల్-జెల్ దహన పద్ధతిలో లోహ నైట్రేట్లను సిట్రిక్ ఆమ్లంతో కలిపి జెల్‌గా చేసి వేడిచేస్తారు. అది తనంతట తానే అంటుకుని క్షణాల్లో మెత్తటి నానో పొడిగా మారుతుంది. ద్రావణం నుంచి క్షారంతో అవక్షేపించే పద్ధతిలోనూ సన్నని రేణువులే వస్తాయి. రేణువు చిన్నదైతే ఉపరితలం వాటా పెరుగుతుంది, అక్కడి స్పిన్‌లు వరుస తప్పుతాయి. అందుకే గ్రాముకు 92 ఈఎమ్‌యూ ఉండే మాగ్నెటైట్ సంతృప్త అయస్కాంతీకరణం నానో పొడిలో సాధారణంగా తగ్గిపోతుంది. మరీ చిన్నవైతే, అయస్కాంత క్షేత్రం తీసేయగానే వాటి అయస్కాంతత్వం కూడా మాయమవుతుంది. ఎంఆర్‌ఐ పరీక్షలకు కావలసింది సరిగ్గా అదే.

ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌కు మాత్రం పెద్ద, దట్టమైన రేణువులు కావాలి. అందుకు పొడిని వెయ్యి డిగ్రీల సెల్సియస్ దాటించి కాల్చక తప్పదు. కానీ వేడి అదుపు తప్పితే కొంత జింక్ ఆవిరై పోతుంది, ఇనుములో కొంత ఫెర్రస్ రూపంలోకి మారుతుంది. అప్పుడు విద్యుత్ నిరోధం పడిపోయి, ఏ సుడి ప్రవాహాలను ఆపడానికి ఫెర్రైట్‌ను ఎంచుకున్నారో అవే మళ్లీ తలెత్తి కోర్ వేడెక్కుతుంది.