కాగితాల్లోనే మిగిలిన పుదుచ్చేరి సొర

పుదుచ్చేరి పేరు మోస్తున్న సొరచేప ఒకటుంది. జర్మన్ శాస్త్రవేత్తలు యోహానెస్ ముల్లర్, యాకోబ్ హెన్లే 1839లో దాన్ని లోకానికి పరిచయం చేశారు. వారి వర్ణనకు ఆధారమైన చేప పుదుచ్చేరి తీరంలో దొరికి, పారిస్ ప్రకృతి చరిత్ర మ్యూజియానికి చేరింది. దాని శాస్త్రీయ నామం నేడు కార్కరైనస్ హెమియోడాన్. ప్రపంచంలోని మ్యూజియాలన్నీ గాలించినా ఈ జాతి నమూనాలు సుమారు ఇరవైకి మించి లేవు. వాటిలో చాలావరకు 1900కు ముందు సేకరించినవే. చివరి నమూనా 1979లో మన దేశంలో దొరికింది. 2017లో ఒక అంతర్జాతీయ వన్యప్రాణి సంస్థ, కనిపించకుండా పోయిన జీవుల్లో ముందుగా వెతకాల్సిన 25 జాతుల జాబితా ప్రకటిస్తే అందులో దీనికీ చోటు దక్కింది.

ఒక చేప ఇలా మాయమవడానికి వలల తాకిడి ఒక కారణం. సొరలు ఆలస్యంగా ఎదుగుతాయి, కొద్ది పిల్లలనే కంటాయి. పట్టినంత వేగంగా తిరిగి పెరగలేవు. రెండో కారణాన్ని మనం అంతగా పట్టించుకోం. ఆ చేప తగ్గిపోతున్న కాలంలో దాన్ని గమనించి రాసినవాళ్లు దాదాపు లేరు. శాస్త్రం దేని మీద ఎక్కువ రాస్తుంది, దేన్ని వదిలేస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికీ ఒక శాస్త్రం ఉంది. దాని పేరు సైంటోమెట్రిక్స్.

పరిశోధనకూ ఒక లెక్క

ఈ శాస్త్రానికి మన ప్రాంతంతో దగ్గరి బంధమే ఉంది. పుదుచ్చేరి నుంచి తీరం వెంట దక్షిణంగా వెళ్తే కడలూరు, చిదంబరం దాటాక శీర్కాళి వస్తుంది. గ్రంథాలయ శాస్త్ర పితామహుడు ఎస్.ఆర్. రంగనాథన్ 1892లో అక్కడ పుట్టారు. గ్రంథాలయాల పనిని గణితంతో కొలవాలని, సైంటోమెట్రిక్స్‌కు దగ్గరి బంధువైన ఆ కొలతకు ‘లైబ్రమెట్రీ’ అని పేరు పెట్టాలని ఆయన 1948లో ఇంగ్లండులో జరిగిన ఒక సమావేశంలో ప్రతిపాదించారు.

అంతకు ముందే ఇద్దరు రెండు ముఖ్యమైన సూత్రాలు చెప్పి ఉన్నారు. 1926లో ఆల్‌ఫ్రెడ్ లోట్కా చూపిందేమిటంటే, ఒక రంగంలో ఒకే ఒక్క పత్రం రాసినవాళ్లు 100 మంది ఉంటే రెండు రాసినవాళ్లు సుమారు 25 మంది, మూడు రాసినవాళ్లు 11 మందే ఉంటారు. అంటే కొద్దిమందే ఎక్కువగా రాస్తారు. 1934లో శామ్యూల్ బ్రాడ్‌ఫర్డ్ జర్నళ్ల విషయంలోనూ ఇదే ధోరణి గమనించారు. ఒక విషయం మీద వచ్చే పత్రాల్లో మూడో వంతు కొన్ని ముఖ్య జర్నళ్లలోనే ఉంటాయి, మిగతావి వందల జర్నళ్లలో చెల్లాచెదురుగా పడి ఉంటాయి. ఏ పత్రాన్ని ఎవరు ఉటంకించారో చూపే సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌ను యూజీన్ గార్ఫీల్డ్ 1964లో తెచ్చారు. ఇప్పుడు కంప్యూటర్ వేల పత్రాల్లోని కీలక పదాలను ఏరి, ఏ పదం ఏ పదంతో కలిసి వస్తోందో పటం గీసి చూపిస్తుంది. ఏ ఏడు ఏ విషయం పుంజుకుందో, ఏది సన్నగిల్లిందో ఆ పటంలో తెలిసిపోతుంది.

చేపల శాస్త్రం నడిచిన దారి

మత్స్యశాస్త్రం మొదట పేర్లు పెట్టే పనితో మొదలైంది. విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ తరఫున పనిచేసిన పాట్రిక్ రస్సెల్, అక్కడ దొరికిన రెండు వందల చేపల బొమ్మలతో 1803లో లండన్‌లో ఒక గ్రంథం ప్రచురించారు. చేపలకు లాటిన్ పేర్లు పెట్టకుండా తీరంలో విన్న పేర్లనే రాశారు. ‘కనగుర్త’ అని ఆయన రాసుకున్న చేపనే 1816లో జార్జ్ కువియే శాస్త్రీయ నామంలోకి తీసుకున్నారు. మన కోస్తా అంతటా ఇష్టంగా తినే ఆ చేప నేటికీ రాస్ట్రెల్లిగర్ కనగుర్తగానే ప్రపంచానికి తెలుసు. కువియే, వాలెన్సియెన్ కలిసి 1828లో మొదలుపెట్టిన 22 సంపుటాల మత్స్య చరిత్రలో పుదుచ్చేరి నుంచి ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త లెషెనో పంపిన చేపలు చాలా ఉన్నాయి. పేర్లు చెప్పినవాళ్లు, వలలు లాగినవాళ్లు మాత్రం ఆ గ్రంథాల రచయితల జాబితాలో లేరు.

స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే, 1947లో, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మొదలైంది. 1954లో ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిషరీస్’ వెలువడింది. చేప ఏం తింటుంది, ఎప్పుడు గుడ్లు పెడుతుంది, ఏడాదికి ఎంత పెరుగుతుంది అన్నవి ఆ తరం ప్రశ్నలు. తర్వాత దృష్టి చెరువుల వైపు మళ్లింది. 1994 తర్వాత తెల్లమచ్చ వైరస్ రొయ్యల చెరువులను తుడిచిపెట్టింది. 2009లో వనామీ రకం రొయ్యల సాగుకు అనుమతి వచ్చింది. మేత, రోగాలు, రోగనిరోధక శక్తి, జన్యువుల మీద పత్రాలు గుట్టలుగా పెరిగాయి. ఇందులో ఆశ్చర్యం లేదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) లెక్కల ప్రకారం 2022లో జలచరాల ఉత్పత్తిలో సాగు వాటా మొదటిసారి వేట వాటాను దాటి 51 శాతానికి చేరింది. డబ్బు, ఉద్యోగం, ప్రయోగశాల ఎక్కడుంటే పరిశోధన అక్కడికే చేరుతుంది.

ఈ మొగ్గు మన దేశానికే పరిమితం కాదు. షహీన్ సయ్యద్, మెలానియా బోరిత్, మార్కో స్ప్రూయిట్ 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. 1990 నుంచి 2016 వరకు 21 ప్రముఖ మత్స్యశాస్త్ర జర్నళ్లలో వచ్చిన 46 వేలకు పైగా పత్రాలను కంప్యూటర్ చేత చదివించి, వాటిలోని విషయాలను విడదీశారు. చేపల జీవశాస్త్రం, వాటి నిల్వల అంచనా, సాగు గురించి పుష్కలంగా ఉంది. చేపలు పట్టే మనుషుల గురించి బాగా తక్కువగా ఉంది. 2021లో చేపల గుంపును చుట్టేసి పట్టే సురుక్కుమడి వల విషయంలో పుదుచ్చేరి పక్కనే వీరాంపట్టినం, నల్లవాడు మత్స్యకారుల మధ్య గొడవ జరిగి, పోలీసులు గాల్లోకి కాల్పులు జరిపారు. ఏ వల ఎవరి పొట్ట కొడుతోంది, ఏ ఊరికి ఎంత దక్కుతోంది అన్న ప్రశ్నలు ఎంత అవసరమో అలాంటి రోజున తెలుస్తుంది. ఆ ప్రశ్నలకే శాస్త్రం తక్కువ పేజీలు కేటాయించింది.

పన్ను చూస్తేగానీ తెలియదు

తీరంలోని ఏ రేవులోనైనా చిన్న సొరల కుప్పను దగ్గరగా చూడండి. అన్నీ బూడిద రంగువే, చాలావాటికి రెక్కల కొసలు నల్లవే. పుదుచ్చేరి సొరకూ రొమ్ము రెక్కల కొసలు, వీపు మీది రెండో రెక్క కొస, తోక కింది కొస నల్లగా ఉంటాయి. తేడా తేలాలంటే పై పెదవి ఎత్తి పళ్లు చూడాలి. దీని పై దవడ పళ్ల మొనలు నున్నగా ఉంటాయి, మొదళ్లలో మాత్రం గరుకు గాట్లు ఉంటాయి. వేలం హడావిడిలో అంత తీరిక ఎవరికి? చిన్న సొరలు గంటల్లో అమ్ముడైపోతాయి. బాలింతలకు పాలు పడతాయని వాటితో పుట్టు వండి పెడతారు. లెక్కల పుస్తకంలో చాలాసార్లు అన్ని జాతులూ కలిసి ‘సొరలు’ అనే ఒకే పద్దు కింద చేరిపోతాయి.

2001 నుంచి ఈ జాతి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. రేవులో ఎవరూ గుర్తుపట్టలేని చేపను చట్టం ఎలా కాపాడుతుంది? గుర్తుపట్టడం నేర్పాల్సింది శాస్త్రం. ఆ నేర్పు పెరగాలంటే ఎవరో ఒకరు రేవులో కూర్చుని ఏళ్ల తరబడి జాతుల వారీగా లెక్క రాయాలి. అలాంటి పనికి ఉటంకింపులు పెద్దగా రావు, పేరున్న జర్నళ్లలో చోటూ సులువుగా దొరకదు. పదోన్నతికి పత్రాల సంఖ్యే కొలబద్ద అయినప్పుడు యువ పరిశోధకులు ఆ పనికి దూరమవడం సహజం.

అందుకే పత్రాల లెక్కను ర్యాంకుల కోసం వాడటం దాని విలువను తగ్గించడమే. ఏ విశ్వవిద్యాలయం ముందుంది, ఏ దేశం వెనకబడింది అన్నది ఆ లెక్క చెప్పే అతి చిన్న విషయం. ఏ చేప మీద, ఏ తీరం మీద, ఏ మనుషుల మీద పత్రాలే లేవో కూడా అదే లెక్క చూపిస్తుంది. ఆ ఖాళీలను చూసి నిధులు కేటాయించాలి. అంతర్జాతీయ సూచికల్లో చేరని ప్రాంతీయ నివేదికలను, తమిళం, తెలుగు వంటి భాషల్లో ఉన్న పరిశీలనలను కూడా లెక్కలోకి తేవాలి. అనుమానం కలిగించిన సొర దవడకు తీసిన ఒక ఫొటో, తేదీ, దొరికిన చోటు, చిన్న కండ ముక్క ఉంటే చాలు, జన్యు పరీక్షతో జాతి తేల్చవచ్చు. ఆ చేపను చూపించిన మత్స్యకారుడి పేరు ఆయన అనుమతితో పత్రంలో చేర్చడం కూడా మంచి శాస్త్రంలో భాగమే. రస్సెల్ కాలం నుంచి మిగిలిపోయిన ఆ బాకీని తీర్చే అవకాశం ఇప్పుడు మన పరిశోధకుల చేతిలో ఉంది.